అరవై నాలుగో మూత

పోయినేడు పోయిన మా మామయ్య, భవనాల్లో పొగను పసిగట్టే డిటెక్టర్లు బిగించేవాడు. రంగుల పని అయ్యేదాకా దుమ్ము పడకుండా ఒక్కోదానికీ ఒక ప్లాస్టిక్ మూత ఉండేది. చివర్లో మూతలన్నీ తీసి, సంచిలో వేసి లెక్కపెట్టేవాడు. నిచ్చెన పట్టుకోవడం మా అత్తయ్య ఉద్యోగం.

ఒక హాస్టల్లో డిటెక్టర్లు అరవై నాలుగు, మూతలు అరవై మూడు వచ్చాయి. ఆ సాయంత్రమే పిల్లలు దిగుతున్నారు.

“ఎక్కడో దొర్లిపోయుంటుంది. అలారం బోర్డులో అన్నీ పచ్చలైట్లేగా! సంతకం పెట్టేయండి,” అన్నాడు యజమాని.

“వైరు బాగుందని మాత్రమే చెప్తోందండీ అది,” అన్నాడు మామయ్య. “ మూత ఉంటే పొగ లోపలికెలా పోతుంది?”

మళ్లీ మొదటి గది నుంచి వెతికారు. మూడో అంతస్తులో దొరికింది. రంగులాయన పైకప్పుతో పాటు మూతకీ శ్రద్ధగా రెండు పూతలు తెల్లరంగు వేశాడు.

“ఒక్కదానికి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు యజమాని.

“ఈ గదిలో మంచాలు నాలుగండీ.”

మూత ఊడబెరికి, పరీక్ష పొగ కొట్టాడు. భవనమంతా గంటలు మోగాయి. యజమాని చెవులు మూసుకున్నాడు.

“విన్నారుగా, దిగండిక,” అంది అత్తయ్య.

“ఉండవే, కాసేపు మోగనీ,” అన్నాడు మామయ్య.