మందు వస్తేనే చేపలు: ఉద్దానంలో ఒకటిన్నర రోజు

డయాలసిస్ రోగులకు రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్ సర్కారు కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వడం లేదు. మా నాన్న డయాలసిస్ మీద ఉన్న రోజుల నుంచీ నేను విశాఖలో కిడ్నీ రోగుల సంఘంలో తిరుగుతున్నాను కాబట్టి, ఉద్దానం నుంచి పార్వతమ్మ నాకు ఫోన్ చేసింది. సోంపేట వైపు సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. దగ్గరి పట్నంలో ఇల్లిల్లూ తిరిగి చేపలు అమ్ముతుంది. భర్త ధనయ్య నిన్నమొన్నటి దాకా వేటకు వెళ్లిన మనిషి, ఇప్పుడు గడప దాటితే ఆయాసం. అదే మందు కేంద్రం ఎదురు దుకాణంలో దొరుకుతుంది, కొనే శక్తి వీళ్లకు లేదు. అర్జీలు పెట్టాను, ఫోన్లు చేశాను. "పై నుంచి రాలేదు" అన్న మాట విని విని విసిగి, ఆ పై ఎక్కడుందో చూద్దామని బయల్దేరాను.

విశాఖలో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే పదింటికల్లా పలాసలో ఉండాలి. నేనెక్కిన బండి దారిలో ఊరకే నిలబడి, పదకొండు దాటాక చేర్చింది. స్టేషన్ నుంచి షేర్ ఆటోలో కాశీబుగ్గ బస్టాండుకు ఇరవై రూపాయలు, అక్కడి నుంచి జీడితోటల మధ్యగా గంట బస్సు. కేంద్రం ఉన్న పట్నం పేరు రాయను, ఇది ఆ ఒక్క ఊరి గొడవ కాదు. బస్సు దిగి ఆటో ఎక్కి డయాలసిస్ కేంద్రానికి అనగానే డ్రైవర్ అప్పలస్వామి ముఖం మాడ్చుకున్నాడు.

"ఆ మందు గొడవకేనేటమ్మా? మా ఈదికి సేపలు ఆపేసినారు. పిల్లలు అన్నం ముట్టడం నేదు. మందు నేకపోతే మేమేటి సేత్తామమ్మా?"

కేంద్రంలో మందుల స్టోరు చూసే ఉద్యోగి ఆ వీధిలోనే ఉంటాడట. కేంద్రం వరండాలో పార్వతమ్మ ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది. లోపల ధనయ్యకు డయాలసిస్ జరుగుతోంది. ఇదేం పని అని అడిగాను.

"నువ్వు కాయితాలెట్టినావు, ఏటైనా అయిందా? మా గంపలోళ్లందరి కాడా ఉన్నది సేపలే. ఆ స్టోరు బాబు ఇంట్లో కూర నేకపోతే దారికొత్తాడనుకున్నాం."

"ఆయన పూజారుల ఇంటివాడు పార్వతమ్మా, మా సంఘంలో అందరికీ తెలుసు. చేప ముట్టడు."

ఆమె నోరు తెరిచి నన్నే చూసింది. "ఆ తలుపెప్పుడూ మూసే ఉంతాది. ఇంకోలి కాడ కొంటన్నారనుకున్నాం గానీ, సేప తినని ఇల్లుంతాదని మాకేటి తెలుసమ్మా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే తినని మనిషి నిక్షేపంగా ఉన్నా, తినే వీధి ఊరుకోలేదు. నన్ను దింపిన అప్పలస్వామి వెళ్లిపోకుండా నేరుగా స్టోరు కిటికీ దగ్గరకు నడిచాడు. అప్పటికే ఇద్దరు పొరుగింటి ఆడవాళ్లు ఆ ఉద్యోగిని నిలదీస్తున్నారు. పాపం, ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. ఫోన్ తీసి ఎవరినో బతిమాలాడు, తరువాత గొంతు పెంచాడు. చివరికి తేలిందేమిటంటే, మందు వచ్చి చాలా రోజులైంది. టెక్కలి దారిలో ఒక గోదాములో ఉంది. తేవడానికి బండి లేదట. పంపమని వీళ్లు అడగాలని వాళ్లు, పంపుతారులే అని వీళ్లు. ఇక్కడ మనుషులు ఊపిరాడక కూర్చుంటే, అక్కడ మందు ఫ్రిజ్‌లో చల్లగా కూర్చుంది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"ఎక్కండి బాబూ, నేను తీసుకెల్తాను" అన్నాడు అప్పలస్వామి.

సాయంత్రానికి చల్లని పెట్టెతో ఇద్దరూ తిరిగొచ్చారు. ధనయ్యకు ఇంజెక్షన్ వేశారు. ఒక్క సూదికే లేచి నడవడు, వారాల తరబడి పడుతూ ఉండాలి. తెచ్చినవి రెండు వారాలకు మించి రావు. ఆ రాత్రి వాళ్ల పల్లెలోనే ఉన్నాను. "పడవ ఎక్కకపోయినా పర్నేదు, ఒడ్డు దాకా నడిస్తే సాలు" అన్నాడు ధనయ్య.

పొద్దున తిరుగు ప్రయాణంలో పార్వతమ్మతో పాటు ఆ వీధికి వెళ్లాను. గంప దించకముందే గుమ్మాల్లోకి ఆడవాళ్లు వచ్చారు. ఏం చేపలని అడగలేదు. "మందొచ్చిందా?" అని అడిగారు. ఎప్పుడూ మూసి ఉండే తలుపు కూడా తెరుచుకుంది. స్టోరు ఉద్యోగి భార్య గుమ్మంలో నిలబడి, "పై వారాలకీ ఇప్పుడే అడగమని మా ఆయనకి చెప్పాను" అంది. పార్వతమ్మ అప్పుడు గంప దించింది.

ఒక మనిషి ఒంట్లో రక్తం ఉండాలంటే ఇంకెవరి వీధిలోనో కూర ఆగాలా? నా అర్జీలకు కదలనిది చేపల గంపకు కదిలినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో బస్సులో కూర్చున్నా తేలలేదు. ఇంకా మండుతూనే ఉంది. మీరు అటు వెళ్లి ఆ వీధిలో చేపలు కొనాలనుకుంటే ఒక్క సలహా: ధర తరువాత అడగండి. ముందు మందు వచ్చిందో లేదో అడగండి.