కుండీలో వరి దుబ్బు

మర్యాదతో చంపేయడం మా గోదావరి వాళ్లకు చేతనైనట్టు ఇంకెవరికీ చేతకాదని అందరూ అంటారు. నేనూ నవ్వుతూ అనేదాన్ని. ఆ రోజు తర్వాత ఆ మాట అనడం మానేశాను.

ఎనభైల మొదట్లో కొవ్వూరు అవతల ఒక వరి పరిశోధనా కేంద్రంలో సహాయకురాలిగా ఉండేదాన్ని. నా పని దోమను పెంచడం. సుడిదోమ పడితే చేను గుండ్రంగా మాడడం మొదలుపెట్టి, చూస్తుండగానే మడంతా ఎండుగడ్డి అయ్యేది. ఆ దోమను వలగదిలో పెంచి, కొత్త వరి రకాల మీద వదిలి, ఏది తట్టుకుంటుందో చూసేవాళ్లం. ఏదీ చివరిదాకా నిలిచేది కాదు.

మా డాక్టరుగారు, అంటే మా శాస్త్రవేత్త, ఏజెన్సీ కొండల్లో వాగు ఒడ్డున పెరిగే అడవి వరిని తెచ్చారు. దాని మీద వదిలిన దోమ బతికేది కాదు. దాన్ని మన వరితో కలపాలని ఆయన పట్టు. పూత దశలో వెన్నులు కత్తిరించి, మగ కేసరాలు తీసేసి, పొద్దెక్కాక అడవి వరి పుప్పొడి దులిపేవాళ్లం. గింజ పాలుపోసుకున్నట్టే పోసుకుని ముడుచుకుపోయేది. లోపలి పిండం చావకముందే బయటికి తీసి గాజుగొట్టంలో పెంచాలి. అందుకు తగిన గదీ పరికరాలూ మాకు లేవు. ఏళ్ల తరబడి అలా తంటాలు పడ్డాక, ఒకే ఒక్క గింజ, దాని మొండితనం వల్లనో ఏమో, మొలిచింది.

ఆ మొక్క అచ్చం గడ్డిలా ఉండేది. గింజ పట్టేది కాదు. కానీ దోమ దాని జోలికి పోలేదు. దాన్ని మళ్లీ మన వరితో కలిపి, ఆ పిండాలను గాజుగొట్టాల్లో బతికించుకోగలిగితే దోమ ముట్టని వరికి దారి దొరికినట్టే.

సరిగ్గా అప్పుడే ఒక విదేశీ నిపుణుడు వస్తున్నాడని కబురొచ్చింది. బయోటెక్నాలజీ అన్న మాట మాకు అప్పుడప్పుడే వినబడుతోంది. అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు ఆ కొత్త విద్యను ఏ పంటకు, ఏ బెడదకు, ఎక్కడ వాడాలో సలహా చెప్పడం ఆయన పని. ఆయన సిఫారసు చేస్తే పిండాలు పెంచే ఆ గది మాకు వచ్చేలా ఉంది.

"మాటలు ఎవరైనా చెప్తారమ్మా. మొక్కను చూస్తే ఆయనే అడుగుతాడు" అన్నారు డాక్టరుగారు. జీపు దిగగానే కంటబడాలని ఆ మొక్క ఉన్న కుండీని స్వయంగా మోసుకొచ్చి ఆఫీసు మెట్ల పక్కన పెట్టారు. అతిథిని తీసుకురావడానికి రాజమండ్రి స్టేషనుకు వెళ్లారు.

మా ఫారం మేనేజరుగారు పెద్దాయన, బంగారం లాంటి మనిషి. ఆ పూట పెళ్లివారు దిగుతున్నంత హడావిడి పడ్డారు. దారి పక్క రాళ్లకు సున్నం, కుండీలకు ఎర్రరంగు వేయించారు. నేను లోపల గోడలకు పటాలు తగిలించి బయటికొచ్చేసరికి మెట్లకు రెండు వైపులా క్రోటన్లు. మా కుండీలో కూడా క్రోటనే.

"ఇందులో మొక్క ఏదండీ?"

"గడ్డే కదమ్మా, పీకించి ఎడ్లకు వేయించేశాను. దొరగారు మెట్లెక్కుతుంటే గడ్డి కనబడితే మన పరువేం కాను? అందులో గుచ్చిన మీ నంబరు రేకు పారేయలేదులెండి. కడిగించి డాక్టరుగారి బల్ల మీద పెట్టించాను."

ఎడ్ల పాకకు పరిగెత్తాను. ఎడ్లు ఆకు మిగల్చలేదు. వాటి కాళ్ల కింద నలిగిన వేళ్లు కొన్ని దొరికితే తడిగుడ్డలో చుట్టాను. తర్వాత ఎంత కాపాడినా అవి చిగురించలేదు.

జీపు వచ్చింది. డాక్టరుగారు దిగుతూనే మెట్ల వైపు చెయ్యి చూపబోయి ఆగిపోయారు. నా మొహం చూశారు. మేనేజరుగారు పూలదండతో ఎదురొచ్చారు. డాక్టరుగారు చెయ్యి దించుకుని అతిథిని లోపలికి తీసుకెళ్లారు.

ఆ నిపుణుడు చెడ్డవాడేం కాదు. అంతా ఓపిగ్గా విని, మొక్క చూపించమన్నాడు. ఈ ఉదయం దాకా ఉందన్నారు డాక్టరుగారు. ఏమైందని అడిగాడాయన. గుమ్మంలో మేనేజరుగారు కొబ్బరిబొండాం పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఆయనకు దొర ఇంగ్లీషు అందదు. "పోయింది" అన్నారు డాక్టరుగారు, అంతే.

బతికున్న మొక్కలు చేతిలో ఉన్న పెద్ద లేబొరేటరీలకే ఆ పని అప్పగించాలనీ, మాలాంటి చోట్ల వాళ్లు పంపిన విత్తనాన్ని పొలంలో పరీక్షిస్తే చాలనీ ఆయన సలహా ఇచ్చాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్నేమో.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పీకించిందేమిటో మేనేజరుగారికి చెప్పి తీరాలన్నాను.

"చెప్తే మొక్క వస్తుందా అమ్మా? పాపం, ఆయన మనసు విరుగుతుంది. నువ్వూ చెప్పకు" అన్నారు డాక్టరుగారు. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. మళ్లీ పూలు కత్తిరించాం, పుప్పొడి దులిపాం. ఇంకో గింజ మొలవలేదు.

మరుసటేడు పెనుగొండ దగ్గర మేనేజరుగారి సొంత పొలానికి సుడిదోమ పడింది. ఒక పొద్దున ఆయన మాడిన దుబ్బు ఒకటి పట్టుకుని వచ్చారు. గడ్డం మాసి ఉంది.

"చేనంతా పోయిందండి. ఏ మందుకీ లొంగలేదు. ఈ దోమ ముట్టని వరి మీరెప్పుడిస్తారండీ?"

డాక్టరుగారు ఆ దుబ్బు అందుకున్నారు. "చూస్తున్నామండి. కాస్త టైము పడుతుంది."

"మీరు తల్చుకుంటే చేస్తారండి" అని మేనేజరుగారు రెండు చేతులూ జోడించారు.

నేను నోరు తెరవబోయాను. డాక్టరుగారు నా వైపు చూశారు. నేను లేచి పెద్దాయనకు నా కుర్చీ వేశాను.