అప్పడాల గదిలో చెమ్మ

మార్కాపురంలో పెళ్లి కుదిరిందంటే అప్పడాలు భ్రమరాంబ దగ్గరే చెప్పేవారు. కొనకనమిట్ల నుంచి, పామూరు నుంచి కూడా వచ్చేవారు. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఆ గది గోడకే చెమ్మ పట్టింది.

ఆ గోడ పక్కింటి ఉమామహేశ్వర్లుతో ఉమ్మడి. తాతల నాటి మట్టిగోడ, పైన సున్నం. అవతలి వైపు అతని బట్టల కొట్టు. ట్యాంకర్ల వెంట తిరగలేక, గోడవారగా నేలలో సంపు కట్టించుకున్నాడు. ఊరు బిందెడు నీళ్లకు కొట్లాడుకుంటుంటే, భ్రమరాంబ గోడ మాత్రం అడుగు నుంచి తడిసి పెచ్చులుగా రాలింది. డబ్బాల్లో అప్పడాలు మెత్తబడి బూజెక్కాయి. గిద్దలూరు పెళ్లివారు సరుకంతా తిప్పి పంపారు.

ఆమె మర్యాదగానే వెళ్లి అడిగింది. "తమ్ముడూ, నీ సంపు కారుతుండాది. మేస్త్రీకి చూపించు."

కొట్టు నిండా బేరగాళ్లున్నారు. ఉమామహేశ్వర్లుకు హుషారు పుట్టింది. "మట్టిగోడకు చెమ్మ రాక చమురొస్తాదా అక్కా? అప్పడాలు మానుకొని పుట్టగొడుగులు పెట్టు. బ్రహ్మాండంగా మొలుస్తాయి."

అందరూ నవ్వారు. భ్రమరాంబ వెనుదిరిగి వచ్చేసింది.

ఆమె పుట్టింటివాళ్లు పలకల వ్యాపారం చేసినవాళ్లు. తడిగోడకు ఒకవైపు పలకరాయి బిగిస్తే ఏమవుతుందో చిన్నప్పుడే చూసింది. మర్నాడే మేస్త్రీ మాలకొండయ్యను పిలిపించి, సున్నమంతా గీకించి, నిలువెత్తున నల్ల పలకలు సిమెంటుతో బిగింపించింది. అప్పడాల డబ్బాలు మేడగదికి చేరాయి.

కోడలు హరితకు భయమేసింది. "ఇట్ల మూసేస్తే తడి యాడికి పోతాది అత్తా?"

"వచ్చిన కాడికే పోతాది. పోనీ."

దసరాకు ఉమామహేశ్వర్లు కొత్త సరుకు దించాడు. ఆ గోడకానించిన అరల నిండా పట్టుచీరలే. పండగ ఇంకా రాకముందే గోడకు పూసిన పుట్టీ ఉబ్బి చిట్లింది. చీరల మడతల్లో నల్లమచ్చలు లేచాయి. పరుగున వచ్చాడు.

"అక్కా, ఆ పలకలు తీయించు. గోడకు ఊపిరాడటం లేదు."

"గోడకు ఊపిరుంటాదని ఇప్పుడు తెలిసిందా నాయనా? నీ సంపే కారుతుండాదని చెప్పు. నాకు కాదు. నీ కొట్లో, బేరగాళ్ల ముందర."

చీరలు నానుతున్నాయి. చెప్పక తప్పలేదు. బేరగాళ్లందరూ చూస్తుండగా తల వంచుకుని, "సంపు నాదే. తప్పూ నాదే" అన్నాడు. ఆ సాయంత్రమే సంపు ఖాళీ చేయించి మళ్లీ వచ్చాడు.

"ఇంక తీయిస్తావా? గోడలో పట్టిన తడి ఆరాల గదా."

"తీయిస్తాలే. మేస్త్రీ దొరకొద్దూ? పండగ రోజులాయె."

మాలకొండయ్య ఆమె అరుగు మీదే కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఉమామహేశ్వర్లు అతని వైపు చూశాడు. మాలకొండయ్య గ్లాసులోకి చూశాడు.

దసరా వెళ్లింది. దీపావళీ వెళ్లింది. మచ్చలు పడిన చీరలు కొట్టు బయట మంచం మీదికొచ్చాయి, సగం ధరకని అట్టముక్క కట్టుకుని. వాటిని తిరగేసి చూసేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు. భ్రమరాంబ రోజూ వాకిట్లో నిలబడి ఆ మంచం చూసేది. చూశాకే వంటింట్లోకి వెళ్లేది.

"ఇప్పుడు తీసేద్దామా అమ్మా?" మాలకొండయ్యే ఒకరోజు అడిగాడు. "ఆయప్ప దినాం నా ఇంటికొస్తుండాడు."

"పెళ్లి ముహూర్తాలు ఇప్పుడే గదా మొదలయినాయి," అంది భ్రమరాంబ. "అవి కూడా అయిపోనీ."