పుల్లీ మీద సుద్దగీత

నిన్న పొద్దున్న మా అన్నయ్య కొడుకు తన జీపుని గూడెం కొత్తవీధిలోని నా షెడ్డు ముందు ఆపి, కొత్త కంప్యూటర్ పెట్టించిన దగ్గర్నుంచీ కొండెక్కుతుంటే ఇంజను టకటకమని కొడుతోందని చెప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది. కంపెనీ బిగించి పంపే కంప్యూటర్ కాదది. పాత పెట్రోలు ఇంజనుకి కార్బ్యురేటరు పీకేసి, పెట్రోలూ మంటా అదే చూసుకునేలా కింద పట్నంలో ఎవరో తగిలించిన బయటి సరుకు. పుల్లీ మీద లైటు వేసి చూశారా అని అడిగితే, లాప్‌టాప్‌లో టైమింగు పది డిగ్రీలని సూపించింది సిన్నాన్నా, ఇంకేటి సూడాల అన్నాడు. నా లాప్‌టాప్ తగిలించి చూద్దును కదా, ఇంజను వేడి సున్నాకి కింద నలభై అని ఉంది! మన ఏజెన్సీలో ఎంత చలి పెడితే మాత్రం, ఘాట్ ఎక్కి వచ్చిన ఇంజను సున్నాకి కింద నలభై ఉంటుందా? వేడి కొలిచే సెన్సారు వైరు ఊడిపోతే, చలికి వణుకుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు కుమ్మరిస్తోంది. ఆ మాత్రం తెలియనివాళ్లు బళ్లు ముట్టుకోవడమెందుకు? ఆ పట్నంవాళ్లను నోటికి వచ్చినట్టల్లా తిట్టాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బండి షెడ్డు దాటాలంటే ఎంత తతంగం ఉండేదో. నాకు పని నేర్పింది మా పెదనాన్న. పుల్లీ మీద సుద్దముక్కతో గీత గీసి, మొదటి ప్లగ్గు వైరుకి లైటు క్లిప్పు తగిలించి, తిరుగుతున్న పుల్లీ మీద వేస్తే, ప్లగ్గు దగ్గర మంట పుట్టినప్పుడల్లా లైటు మెరిసి ఆ గీత, పక్కనున్న డిగ్రీల గుర్తుల్లో ఒకదాని ఎదుట నిలబడినట్టు కనిపిస్తుంది. మంట ముందే పుడుతోందో ఆలస్యంగా పుడుతోందో దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే గీత పెదనాన్న చూస్తే సరిపోదు. బండి నడిపేవాడు కూడా వంగి, తన కళ్లతో చూసి, చూశానని అంటేనే తాళం చేతికిచ్చేవాడు. సంతకు వెళ్లే జనం ఎక్కి కూర్చుని ఎంత గోల పెట్టినా సరే, వంగాల్సిందే. ఏం చాదస్తం ఇది అని నేను లోలోపల విసుక్కునేవాణ్ని.

పెదనాన్న పోయాక మా కొండల్లోకి ఇలాంటి కంప్యూటర్ మొట్టమొదట తెచ్చిన ఘనుణ్ని నేనే. పెట్టింది మా అన్నయ్య జీపుకి. ఆ జీపు తప్ప అన్నయ్యకి వేరే ఆధారం లేదు. సీలేరు దారిలో జనాన్నీ కాఫీ గింజల బస్తాలనూ చేరవేసి ఇల్లు నడిపేవాడు. పుల్లీతో తిరిగే పళ్లచక్రం ఎదురుగా సెన్సారుని నా చేత్తోనే పట్టీ కోసి బిగించి, కంప్యూటర్‌తో వచ్చిన కాగితంలో ఉన్న సెన్సారు తేడా అంకెను ఎక్కించి, తెరమీద పది కనపడగానే పనైపోయిందని సంబరపడ్డాను. నేను సెన్సారు ఎక్కడ బిగించానో ఆ కంప్యూటర్‌కేం తెలుసు? నేను చెప్పిందే నమ్మి నాకే తిప్పి చెప్పింది. అన్నయ్య అలవాటు కొద్దీ ముందుకు వచ్చి వంగి, "ఏట్రా, సుద్దగీత సూపించవా?" అన్నాడు. నేను నవ్వాను. ఆ రోజులు పోయాయి అన్నయ్యా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండా, నిండు లోడుతో ఎక్కుడు ఎక్కుతుంటే పిస్టనుకి కన్నం పడింది. మంట పుట్టాల్సిన దానికంటే ఎంతో ముందే పుట్టి, పైకొస్తున్న పిస్టన్ని అన్నాళ్లూ బాదుతూనే ఉంది. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ ఇంజను కట్టించే స్తోమత లేక జీపుని పాత ఇనుముకి ఇచ్చేసి, పోయేదాకా ఊళ్లోవాళ్ల కాఫీ తోటల్లో కూలికి వెళ్లాడు.

నిన్న లైటు వేస్తే, తెరమీద పది ఉండగా గీత ఇరవై రెండు దగ్గర నిలబడింది, అంటే మంట పన్నెండు డిగ్రీలు ముందే పుడుతోంది. కంప్యూటర్‌లో టైమింగుని పది దగ్గర కదలకుండా కట్టేసి, సెన్సారు తేడా అంకెను మారుస్తూ పోతే గీత మెల్లగా జరిగి పది గుర్తు ఎదుటికి వచ్చింది. వేడి సెన్సారు వైరూ అతికించాను. వంగి చూడరా అని అన్నయ్య కొడుకుని అంటే, నువ్వు సూసేవు కదా, జనం ఎదురుసూత్తన్నారు అంటూ తాళం కోసం చెయ్యి చాచాడు. ఇద్దరు పిల్లల తండ్రి! మీ నాన్న బండి ఎలా పోయిందో తెలుసా, నా వల్ల పోయింది, చూడరా వెధవా అని వీధంతా వినపడేలా అరిచాను.

వాడు బిత్తరపోయి వంగాడు. చూసి, లేచి, నెమ్మదిగా అన్నాడు. "ఇంజను పాతది, అందుకే పోయిందనేవోడు నాన్న. బండికేటైనా అయితే సిన్నాన్న కాడికే ఎల్లమని మంచం మీదున్నప్పుడు కూడా సెప్పేడు."

తాళం ఇచ్చేశాను. పట్నంవాళ్లను మళ్లీ తిట్టబోయినవాణ్ని ఆగి, లైటు క్లిప్పు విప్పుకున్నాను. ఈ రోజుల్లో బండి తీసుకునేవాడు వంగడు, పట్నం షెడ్లలో వంగమనేవాడూ లేడు. ఆ రోజు అన్నయ్య వంగాడు. ఒక చేత్తో బానెట్టు పట్టుకుని, నేను లైటు తెస్తానేమోనని, కాసేపు అలాగే ఉన్నాడు.