వదిన ఇల్లు మారిన తేదీ

ఇప్పుడంటే ఏ ఫారమైనా ఫోన్లోనే నింపి, ఫోన్లోనే పంపి, తప్పులు కూడా ఫోన్లోనే చేసేస్తున్నారు గానీ, నేను గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపులో పనిచేసే కాలంలో తప్పు చెయ్యాలంటే మనిషి స్వయంగా ఆఫీసుకెళ్లి, లైన్లో నిలబడి మరీ చెయ్యాల్సి వచ్చేది. అందులో నాకు మంచి పేరుండేది. చదువు తొమ్మిదో తరగతిలోనే నన్ను వదిలేసింది (నేనే దాన్ని వదిలేశానని అమ్మ అంటుంది, మా మటుకు మేం ఒప్పుకునే విడిపోయాం). అయినా రోజూ బోలెడన్ని ఫారాలు నా చేతుల మీదుగా కాపీలయ్యేవి కాబట్టి, వాటిని నింపడం కూడా నాకు వచ్చేసిందనుకునేవాణ్ణి. పెళ్లి వీడియోలు తీసేవాడు తనకి మంత్రాలు కూడా వచ్చేశాయనుకున్నట్టు.

మా అన్నయ్య ఓడలో వంటవాడు. ఓడ దిగినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి ఫిలిప్పీన్స్ నుంచి వదినను తెచ్చాడు (ఈ మాట వింటే వదిన, "కాదండీ, ఆయన్ని నేనే తెచ్చుకున్నారు" అంటుంది). ఆవిడ తెలుగంతా అమ్మ దగ్గర నేర్చింది. "పెద్దవాళ్లని 'వచ్చారు, తిన్నారు' అనాలమ్మా" అని అమ్మ మొదటి రోజే చెప్పింది. ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేల్చుకునే బాధెందుకని వదిన అందరికీ అదే ఖాయం చేసేసింది. పాలబ్బాయి వచ్చారు, పిల్లి వచ్చారు, కరెంటు పోయారు. ఆఖరికి తనని కూడా వదల్లేదు. "అన్నం తిన్నావా వదినా?" అంటే, "నేను తిన్నారండీ."

అప్పటిదాకా కంకిపాడులో అద్దెకుండేవాళ్లం. నా పనికి దగ్గరవుతుందని గవర్నర్‌పేటకి మారాం. మనం ఇల్లు మారితే పాలవాడికి చెబితే చాలు. వేరే దేశపు మనిషి మారితే మాత్రం విదేశీయుల వివరాలు రాసుకునే పోలీసు ఆఫీసుకి రెండు వారాల్లోగా చెప్పాలన్నారు. అన్నయ్యేమో ఓడ మీదున్నాడు. వదిన వాళ్లమ్మకి వచ్చే నెల మొదట్లో గుండె ఆపరేషను, వదినకి టికెట్ కూడా తీసేశారు. ఈ కాగితాల్లో తేడా వస్తే తను వెళ్లడానికో, వెళ్లాక తిరిగి రావడానికో అడ్డుపడతారేమోనని ఆవిడ భయం. "మా అమ్మని చూడాలి, మళ్లీ మన ఇంటికి రావాలి. రెండూ కావాలి మరిదిగారూ" అంది. "నేనున్నాగా వదినా!" అన్నాను. అసలు భయపడాల్సింది ఆ మాటకి.

ఫారం ముందేసుకుని కూర్చున్నాను. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు అన్నీ చకచకా అయిపోయాయి. 'ఇల్లు మారిన తేదీ' దగ్గర ఆగి అమ్మని కేకేశాను.

"పాలు పొంగించిన రోజేరా! జ్యేష్ఠ బహుళ దశమి" అంది వంటింట్లోంచి.

నిజమే కదా. ఆషాఢం వచ్చేస్తోందని అమ్మ మమ్మల్నందరినీ ముందే బస్సెక్కించి, కొత్త ఇంట్లో వదిన చేత పాలు పొంగించి, సాయంత్రానికల్లా కంకిపాడు లాక్కొచ్చేసింది. సున్నాలేయించి సామాన్లతో దిగేసరికి ఇంకో అయిదు వారాలు పట్టింది. కానీ మా ఇళ్లల్లో ఇల్లు మారడమంటే పాలు పొంగడమే. మంచాలూ మనుషులూ తీరిగ్గా వస్తారు. క్యాలెండరు తిరగేసి ఆ దశమి తేదీనే గుండ్రంగా రాశాను. అంతటితో ఊరుకున్నానా? రుజువు అడుగుతారేమోనని, వదిన పొంగిన పాలగిన్నె పక్కన నవ్వుతున్న ఫొటో కలర్ జిరాక్స్ తీసి మరీ జత చేశాను. మనిషి తన మీద తనే కేసు కట్టుకోవడం చాలా తక్కువ చోట్ల జరుగుతుంది.

ఆఫీసులో మేడమ్ ఫారం చూసి కళ్లజోడు పైకి తోసుకుంది. "ఏమయ్యా, ఇల్లు మారి నలభై రోజులైతే ఇప్పుడా చెప్పేది?"

"నాలుగు రోజులే మేడమ్."

"మరి ఈ తేదీ ఏంటి?"

"అది పాలు మేడమ్."

"పాలా? ఫొటోలో ఈవిడ కూడా ఉన్నారుగా!"

వదిన మొహం పాలిపోయింది. నేను నోరు తెరిచేలోగా తనే ముందుకి వచ్చింది. "మేడమ్, ఆ రోజు పొద్దున్న వచ్చారు. పాలు పొంగారు. సాయంత్రం వెళ్లిపోయారండీ."

"ఎవరు వెళ్లిపోయారు?"

"నేనండీ."

"మీతో ఎవరెవరొచ్చారు?"

"అత్తయ్యగారు వచ్చారు, మరిదిగారు వచ్చారు, నేను వచ్చారు."

మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. "కొట్టేసి దిద్దమంటారా మేడమ్?" అన్నాను సాయం చేద్దామని. "నువ్వు చేసింది చాలు, కూర్చో!" అంది. తర్వాత ఆ ఫొటోని ఎందుకో కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"ఈ గదిలో ఫ్యానేది?"

"అప్పటికింకా బిగించలేదు మేడమ్."

"జూన్ నెలలో, బెజవాడలో, ఫ్యాను లేని ఇంట్లో ఉన్నారా?" అని పక్క సీటాయన వైపు తిరిగింది. "మీరుంటారాండీ?"

"శవం కూడా ఉండదండీ" అన్నాడాయన ఫైల్లోంచి తలెత్తకుండా.

మేడమ్‌కి నమ్మకం కుదిరింది గానీ కాగితానికి కాగితమే కావాలిగా. కంకిపాడులో ఇల్లు ఏ రోజు ఖాళీ చేశారో ఆ ఇంటాయన చేత రాయించుకుని, ఆఫీసు మూసేలోగా తెమ్మంది. వదిన బల్ల మీద పాస్‌పోర్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వెళ్తూ వెనక్కి చూశాను. కంకిపాడు బస్సులో సీటున్నా కూర్చోలేదు. నిలబడితే త్వరగా వెళ్తుందేమోనని.

కాగితంతో రొప్పుతూ తిరిగొచ్చేసరికి మేడమ్ కొత్త ఫారం తీసి వదిన ముందు పెట్టింది. "ఈసారి ఈవిడే రాస్తుంది. నువ్వు చేతులు కట్టుకో." కట్టుకున్నాను. వదిన ఒక్క కొట్టివేత లేకుండా రాసుకుపోయింది. 'అవసరమైతే ఇక్కడ ఎవరికి కబురు చెయ్యాలి' అన్నచోట నా పేరు రాసింది. ఏమవుతాడు అన్నచోట 'బ్రదర్' అని రాసి ఆపేసింది.

"వదినా, 'ఇన్ లా' మర్చిపోయావు" అన్నాను మెల్లిగా.

"మర్చిపోలేదండీ. ఇవాళ్టికి మనకి లా చాలు."

మేడమ్ ఆ గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. నా వంక, వదిన వంక చూసింది. ముద్ర కొట్టేసింది. వదిన వెళ్లింది. వాళ్లమ్మ లేచి తిరిగేదాకా ఉండి, మన ఇంటికి తిరిగొచ్చింది.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. కళ్లజోడూ వచ్చింది. నింపిన ఫారం చూసి తప్పెక్కడుందో చెప్పడంలో ఈ వీధిలో నన్ను మించినవాడు లేడు (ఈ మాట అనేది నేనే అనుకోండి). కానీ ఆ రోజు వదిన రాసిన కాగితం తెచ్చి దిద్దమంటే మాత్రం, ఈ వయసులోనూ నేను చేతులు కట్టుకునే కూర్చుంటాను.