నలభయ్యో ఆకు

నా డిగ్రీని ఒక ఇడ్లీ దాదాపు ముంచేసిందంటే మీరు నమ్మరు. ఇడ్లీది తప్పేం లేదు, నాదే. ఆనాటి ఘోరం చదివాక మీ పిల్లలనైనా జాగ్రత్తగా పెంచుకోండి.

తొంభైల చివరి మాట. ఉత్తరాదిలో ఒక కాలేజీలో ఫారెస్ట్రీ డిగ్రీ రెండేళ్లు చదివి, అక్కడి రొట్టెలకు తట్టుకోలేక, మూడో ఏడాదికి మన రాష్ట్రంలోని కాలేజీకి మారదామనుకున్నాను. కొత్త కాలేజీ ప్రొఫెసరుగారు నా కాగితాలు తిరగేసి ఒక మెలిక పెట్టారు. ఈ కొత్త కాలేజీలో రెండో ఏడాదిలో చేయించే ఆకుల సేకరణ మా పాత కాలేజీలో చేయించలేదు. వచ్చే సోమవారానికి నలభై చెట్ల ఆకులు ఎండబెట్టి, అట్టలకు అంటించి, పేరూ ఊరూ రాసి తెస్తే మూడో ఏడాది. లేకపోతే రెండో ఏడాది మళ్లీ చదవాలి.

"నలభయ్యేనా అండి?" అన్నాను. కోనసీమవాడికి పచ్చదనం కరువా అని నా పొగరు.

మా ఊరు ముక్తేశ్వరం వచ్చి చూస్తే ఎటు తిరిగినా కొబ్బరే. వారమంతా గట్ల వెంట తిరిగి, కుక్కల చేత తరిమించుకుని ముప్పై తొమ్మిది పోగేశాను. పనస మా దొడ్లోనే ఉంది. ఇంట్లోదే కదా, ఎప్పుడైనా కోసుకోవచ్చని చివరికి ఉంచాను. అట్ట మీద పేరు మాత్రం ముందే ముత్యాల్లా రాసిపెట్టాను.

మీకు అర్థమైపోయింది కదూ. రావులపాలెంలో బస్సు మారి, సోమవారం పొద్దున్నే కాలేజీ చేరి, ఆవరణలో ఒక చెట్టుకు సంచీ తగిలించి, కింద కూర్చుని అట్టలు లెక్కపెట్టాను. 'పనస' అన్న అట్ట ఖాళీగా ఉంది. ఊరు వెళ్లి వచ్చే వ్యవధి లేదు.

అప్పుడు అమ్మ కట్టిచ్చిన డబ్బా గుర్తొచ్చింది. అందులో పొట్టిక్కలున్నాయి. పనసాకులను పుల్లలతో బుట్టలా గుచ్చి, పిండి పోసి ఉడికించే మా వైపు ఇడ్లీలవి. ఒకటి విప్పి, ఇడ్లీ తినేసి, ఆకును జేబురుమాలుతో తుడిచి అట్టకు అంటించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అట్టలూ డబ్బా పట్టుకుని ప్రొఫెసరుగారి గదికి వెళ్లాను. ఆయన ఒక్కొక్కటే తిరగేస్తూ నలభయ్యో అట్ట దగ్గర ఆగారు.

"ఇదేంటయ్యా, ఈ రంగులో ఉంది?"

"ముదురాకండి."

"చిల్లులున్నాయే."

"పురుగండి."

"పుల్ల గుచ్చినట్టు చిల్లులు పెట్టే పురుగును నేనెప్పుడూ చూళ్లేదు."

"ఆయ్, మా వైపే ఉంటదండి."

ఆయన అట్ట వాసన చూశారు. "అల్లం పచ్చడి కూడా మీ వైపు చెట్లకే కాస్తుందా?"

రెండో ఏడాది కళ్ల ముందు కనబడింది. దాని వెనకాలే నాన్న ముఖం. సిగ్గుతో చచ్చిపోయాను.

"మా అమ్మ కట్టిన పొట్టిక్కదండి. కోసుకోడం మర్చిపోయేనండి. తప్పయిపోయిందండి."

"తెలుసు. మా అత్తగారిది రాజోలు, మీ కోనసీమే. పైగా నువ్వు విప్పుతుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అది సరే, నీ సంచీ దేనికి తగిలించావు?"

"చెట్టుకండి."

"చెట్టుకు ఎక్కడ?"

కిటికీలోంచి చూశాను. నా సంచీ ఇంకా అక్కడే వేలాడుతోంది, నా తలకాయంత పనసకాయ తొడిమకు. దాని పక్కన మరో నాలుగు కాయలు. పైన ఇంకా వేల ఆకులు. రెండేళ్లు చెట్ల చదువు చదివిన మహానుభావుణ్ణి, ఆ చెట్టు కిందే కూర్చుని ఇడ్లీ విప్పాను.

"వెళ్లి ఆకు కోసుకురా. అది ఎండాకే నీ కాగితాల మీద సంతకం. మిగతా పొట్టిక్కలు ఇక్కడ పెట్టి వెళ్లు," అన్నారాయన.

శుక్రవారానికి ఆకు ఎండింది, మూడో ఏడాదిలో సీటు దొరికింది. కానీ ఉడికిన ఆకు అట్టను ఆయన తీయనివ్వలేదు. దాని కింద ఎర్ర సిరాతో ఇలా రాశారు: "సేకరించినది: విద్యార్థి తల్లి."

కాబట్టి సమస్త వృక్షజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ చెట్టు కిందా తలెత్తి చూడకుండా డబ్బా మూత తీయను.