లావా పొరల మధ్య ఎర్రమట్టి

మా ఆయన కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారు. కిందటేడు చిన్న స్ట్రోకు వచ్చింది. కోలుకున్నారు గానీ నాలుక కుడిసగం మొద్దుబారిపోయింది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పలేకపోయేవారు. అంతకుముందు మాత్రం ఏం చెప్పారు గనక, నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన దిగులు వేరే.

మేముండే పద్మారావు నగర్ కిందంతా గ్రానైటు. పడమరగా వికారాబాద్ వైపు వెళితే, రిజర్వు అడవిలో నల్లరాయి మొదలవుతుంది. అది ఒకప్పటి లావా. ఒక్కసారే పారింది కాదు. ఒక ప్రవాహం చల్లారి, పైన మట్టి పట్టాక, ఇంకోటి వచ్చి ఆ మట్టిని ఎర్రగా కాల్చింది. ఆ సన్నటి ఎర్రపొరను ఆయన నాలుకతో పరీక్షించేవారు. బంకమట్టి అయితే నాలుకను పట్టేస్తుంది. ఏటా స్టూడెంట్లందరి చేతా నాకించేవారు కూడా. ఇప్పుడా పరీక్ష తన వల్ల అవుతుందో కాదో అని ఏడాదిగా భయం. కాకపోతే ఇక తను జియాలజిస్టు కాదట.

మొన్న జనవరిలో అక్కడికి వెళ్ళాం. బయల్దేరే ముందు ప్రార్థనలో కారు టైర్లు దారిలో పేలకూడదని అడిగారు, నాలుక ఊసెత్తలేదు.

అడవిలో గార్డు మా వెంట వచ్చాడు. "సార్, రాళ్ళు గిట్ల తీస్కపోవద్దు," అన్నాడు.

"తీసుకెళ్ళనండి. నాకి వదిలేస్తాను."

గార్డు నా వైపు తిరిగాడు. "సార్ తబియత్ మంచిగుందా అమ్మా?"

"బాగానే ఉంది. వాళ్ళ చదువే అంత," అన్నాను.

మా ఆయన గట్టులో కనిపిస్తున్న ఎర్రపొర దగ్గర వంగి, ఎప్పట్లాగే కుడివైపు నాలుక ఆనించారు. తీసి, మళ్ళీ ఆనించారు.

"తెలియడం లేదు. నువ్వు చూడు," అన్నారు.

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నేనెప్పుడూ మట్టి నాకలేదు. నాకాను. నాలుకను ఠక్కున పట్టేసింది.

"అంటుకుందండీ."

"అయితే లోపం నాదే," అని చేతులు దులుపుకున్నారు. ఆయన డీలాపడితే నాకు కోపమే ముందొస్తుంది.

"ఇంట్లో ముద్ద ఎడమవైపే నములుతున్నారుగా. ఇక్కడ మాత్రం కుడివైపు ఎందుకు పెడతారు?"

ఆయన మళ్ళీ వంగి, ఈసారి ఎడమవైపు ఆనించారు. చాలాసేపు లేవలేదు.

"అంటుకుందా?" అన్నాను.

నాలుక తియ్యకుండానే, వెనక్కి తడుముకుని నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు.